ఐదేళ్ళుగా మాటల్లేని పక్కింటాయన పోయారు, చర్చిలో నన్ను మాట్లాడమంటున్నారు. ఏం చెయ్యమంటారు?

తెనాలి_టు_ఒహాయో
నవంబర్ 17, 2025

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎక్కువగా వీసా డౌట్లు, హోమ్ లోన్లు అడుగుతుంటారు, నాది అలాంటిది కాదు, కానీ ఇంట్లో మా ఆవిడా నేనూ నిన్నట్నుంచి ఎంత మాట్లాడుకున్నా తేలట్లేదు అందుకే మీ ముందు పెడుతున్నా. కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి.

మేం సిన్సినాటి పైన మేసన్‌లో ఉంటాం, 2011లో ఇల్లు కొన్నాం. పక్కింట్లో ఒక పెద్దాయన, వాళ్ళావిడ. పోయిన గురువారం ఆయన పోయారు, 77 ఏళ్ళు, గుండె ఆగిపోయింది, హాస్పిటల్ దాకా కూడా వెళ్ళలేదు. ఈ శనివారం చర్చిలో మెమోరియల్ సర్వీస్. నిన్న సాయంత్రం ఆవిడ మా తలుపు కొట్టి, శనివారం నలుగురు మాట్లాడుతున్నారు, నువ్వు కూడా నాలుగు మాటలు చెప్పు అంది. నేను బిత్తరపోయాను. ఎందుకంటే 2021 జనవరి నుంచి ఆయనకీ నాకూ మాటల్లేవు, అది ఆవిడకి బాగా తెలుసు.

మొదట్నుంచీ చెప్తాను. మేం ఆ ఇంట్లో దిగిన మొదటి చలికాలం నాకు మంచు తియ్యడం కూడా చేతకాదు, పార పట్టుకుని అవస్థ పడుతుంటే ఆయన స్నో బ్లోయర్ తోసుకుంటూ వచ్చి మా డ్రైవ్‌వే మొత్తం తీసేసి వెళ్ళిపోయాడు, ఒక్క మాట లేదు. ఆ తర్వాత ఏటా అంతే, వాళ్ళది తీశాక మాది. 2014 జనవరిలో పోలార్ వోర్టెక్స్ వచ్చింది గుర్తుందా, ఫారెన్‌హీట్‌లోనే సున్నా కిందకి పోయింది, సరిగ్గా ఆ రాత్రే మా ఆవిడకి నొప్పులు మొదలయ్యాయి, మా కారు స్టార్ట్ అవలేదు. రాత్రి రెండింటికి వెళ్ళి ఆయన తలుపు బాదాను. పైజమా మీదే కోటు తొడుక్కుని వచ్చి, పికప్ ట్రక్కులో హీటర్ పెట్టి, వాళ్ళావిడ కుట్టిన క్విల్టు మా ఆవిడకి కప్పి, ఆ ఐసు మీద నిమ్మళంగా నడుపుకుంటూ హాస్పిటల్‌కి చేర్చాడు. పాప పుట్టేదాకా కింద లాబీలోనే కూర్చున్నాడు. మా అమ్మావాళ్ళకి వీసా రాలేదప్పుడు, అత్తగారి వాళ్ళకీ అంతే, పాపని ఆ రోజుల్లో ఎత్తుకున్నది వీళ్ళిద్దరే. అది మాటలు వచ్చిన దగ్గర్నుంచీ ఆయన్ని తాతా అనే పిలిచింది, ఆయన పలికేవాడు.

ఆయన వియత్నాం వెళ్ళొచ్చిన మనిషి. ఓసారి కంచె దగ్గర నిలబడి నాకు 2007లో హెచ్1 లాటరీలో వచ్చింది అని చెప్తుంటే, నాకూ ఒక లాటరీ తగిలింది అన్నాడు. 1969 డిసెంబర్ 1న పుట్టినరోజు తేదీల చీట్లు నీలం గుళికల్లో పెట్టి, గాజు జాడీలోంచి ఒక్కొక్కటే తీశారట, టీవీలో చూపిస్తూ, ఏ తేదీ ముందొస్తే ఆ తేదీన పుట్టిన కుర్రాళ్ళు ముందు ఆర్మీకి. ఈయన తేదీ ముందే వచ్చింది. అంతకు మించి యుద్ధం గురించి నాతో ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. 2018లో నేను సిటిజన్‌షిప్ ఓత్ తీసుకున్న రోజు ఇద్దరూ సిన్సినాటి వచ్చి వెనక వరసలో కూర్చున్నారు, ఆయన సూటు వేసుకొచ్చాడు, ఆయన్ని సూటులో నేను చూసింది అదొక్కసారే.

ఇక గొడవ. ఆయన రిపబ్లికన్ అని మొదట్నుంచీ తెలుసు, ఒహాయో రెండుసార్లు ఒబామాకి వేసినా ఆయన వెయ్యలేదు, 2016లో ఇంటి ముందు ట్రంప్ బోర్డు పెట్టాడు, అప్పుడు మాకేం ఇబ్బంది అనిపించలేదు. 2020లో నేను మొదటిసారి ప్రెసిడెంట్‌కి ఓటు వేశాను. ఇక్కడ ఎర్లీ ఓటింగ్‌కి కౌంటీకి ఒక్కటే చోటు, మాకు లెబనాన్‌లో, లైన్లో నిలబడి వేసొచ్చి ఆ స్టిక్కర్ ఇప్పటికీ పర్సులో దాచుకున్నాను. నవంబర్ దాటాక ఆయన ఓట్లు దొంగిలించారు అనడం మొదలుపెట్టాడు. మా ఒహాయోలో ట్రంపే గెలిచాడు, ఆయన అంటున్నది జార్జియా పెన్సిల్వేనియా సంగతి, అయినా నాకు మాత్రం కొత్తగా వచ్చినవాడి ఓటునే అన్నట్టు తగిలింది. లోపల ఉడుకుతూనే ఉంది. జనవరి 6న ట్రంప్ మనుషులు వాషింగ్టన్‌లో క్యాపిటల్ మీద పడ్డది టీవీలో చూసి, సాయంత్రం చెత్తడబ్బా తెచ్చుకోవడానికి బయటికి వెళ్తే ఆయన ఎదురయ్యాడు. మీలాంటి వాళ్ళ వల్లే ఈ దేశం ఇలా తగలడింది అన్నాను. ఆ మాటే అన్నాను. ఇరవైల్లో ఉండగా ఈ దేశం పంపితే యుద్ధానికి వెళ్ళొచ్చిన మనిషితో. ఆయన ఏమీ అనలేదు, నన్ను చూసి డబ్బా లాక్కుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ ఫిబ్రవరిలో మంచు పడితే పొద్దున లేచేసరికి మా డ్రైవ్‌వే తీసేసి ఉంది. నేను ఆ వారమే వెళ్ళి సొంతంగా స్నో బ్లోయర్ కొనుక్కొచ్చాను. అంతే, ఇక వాళ్ళది వాళ్ళు, మాది మేము.

ఇంకొకటి ఉంది, నిద్ర పట్టనివ్వనిది అదే. పోయినేడు జులైలో మిల్వాకీలో రిపబ్లికన్ల సభ జరిగిన వారం, ట్రంప్ వైస్ ప్రెసిడెంట్ అభ్యర్థిగా ఎంచుకున్న వాన్స్ మా పక్క మిడిల్‌టౌన్ వాడే కదా, మెయిల్‌బాక్స్ దగ్గర ఆయన నాకోసమే నిలబడ్డట్టు నిలబడి, ఆ వాన్స్ భార్య ఉష మీవాళ్ళ అమ్మాయేనట కదా, తెలుగేనట కదా అని అడిగాడు. మూడున్నరేళ్ళ తర్వాత మొదటి మాట. అవును అన్నాను. ఇంకేదో అనబోయాడు. నేను ఉత్తరాలు తీసుకుని లోపలికి వచ్చేశాను.

ఇప్పుడు చెప్పండి. అంతమందిలో నిలబడి ఆయన ఎంత గొప్పవాడో చెప్తే అది కపటం కాదా. చెప్పకపోతే 2014 రాత్రి ఋణం ఏమవుతుంది. గొడవ సంగతి ఎత్తాలా వద్దా. మా ఆవిడ వెళ్ళమంటోంది, నాకు కాళ్ళు ఆడట్లేదు.


ఆకుపచ్చ_గోరింట
నవంబర్ 17, 2025

అన్నయ్యా, వెళ్ళండి. పిలిచింది ఆవిడ, మీ గొడవ సంగతి తెలిసి కూడా పిలిచింది, దాన్ని కాదనకండి.

మాది యాష్‌బర్న్, వర్జీనియా. మా వీధిలో ఒకావిడ భర్త 2021 జనవరిలో కోవిడ్‌తో పోయాడు. అంతకుముందు మాస్కుల విషయంలో మా కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం (హెచ్ఓఏ) మీటింగ్‌లో వాళ్ళకీ మాకూ గట్టిగానే అయింది, చాలా మాటలు అనుకున్నాం. ఆ మే నెలలో విజయవాడలో మా నాన్నగారు పోయారు. మే 4 నుంచి ఇండియా నుంచి వచ్చేవాళ్ళ మీద బ్యాన్ పెట్టారు, నేను హెచ్4 డిపెండెంట్ వీసా మీద ఉన్నా, వెళ్తే మళ్ళీ ఎప్పుడు రానిస్తారో తెలీదు, కర్మకాండ మొత్తం వాట్సాప్ వీడియోలో చూశాను, మధ్యలో సిగ్నల్ పోతే ఫోన్ పట్టుకుని అలాగే కూర్చునేదాన్ని. ఆవిడకి ఎవరు చెప్పారో, పదో రోజున ఒక గిన్నెలో సూప్ తెచ్చి, ఇందులో మాంసం లేదు, అడిగి తెలుసుకుని చేశాను అని చెప్పి గంటసేపు నా పక్కన కూర్చుంది. ఇద్దరం పెద్దగా ఏం మాట్లాడుకోలేదు.

ఆ సెప్టెంబర్‌లో డీసీలో నేషనల్ మాల్ మీద తెల్ల జెండాలు పాతారు, కోవిడ్‌తో పోయిన ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి, ఆరు లక్షలు దాటి. ఇద్దరం కలిసి వెళ్ళాం. జెండా తీసుకుని మన వాళ్ళ పేరు రాయొచ్చు. ఆవిడ చెయ్యి వణుకుతోందని మార్కర్ నాకిచ్చి వాళ్ళాయన పేరు నన్ను రాయమంది. రాశాను. అప్పుడు జెండా తిప్పి, ఇటువైపు మీ నాన్న పేరు రాయి, మీ అక్షరాల్లోనే రాయి అంది. అవి అమెరికాలో పోయినవాళ్ళవే అన్నాను. గాలికి తెలుస్తుందా ఏంటి అంది. నాన్న పేరు తెలుగులో రాశాను, రాసి అక్కడే గడ్డిలో కూలబడి ఏడ్చాను, ఇప్పుడు టైప్ చేస్తున్నా కళ్ళు నిండుతున్నాయి.

మాట్లాడేటప్పుడు మూడు నిమిషాలు మించొద్దు, ట్రక్కు రాత్రి ఒక్కటి చెప్పండి చాలు. గొడవ సంగతి చర్చిలో వద్దు, తర్వాత ఆవిడకి ఉత్తరం రాయండి.


కరీంనగర్_డల్లాస్
నవంబర్ 18, 2025

అన్నా ఏమనుకోకుండ్రి, నేను జర వేరే జెప్త. పెద్దాయన మంచోడే, కాదంటలేను. కాని ఆయన ఏసిన ఓటు తిరిగి మన మీదికే వచ్చింది గదా. ఈ జనవరి 20 నాడు ఈడ పుట్టిన పిల్లలకు వచ్చే బర్త్‌రైట్ సిటిజన్‌షిప్ మీద ఆర్డర్ సంతకం పెట్టిన్రు, అప్పుడు నా భార్యకు ఏడో నెల. కోర్టులు ఆపినయ్ గని అప్పటిదాక మేము ఎట్ల పండుకున్నమో ఎట్ల లేచినమో మాకే ఎరుక, పుట్టబోయే బిడ్డ ఏ దేశపోడో అని ఆలోచించుకుంట ఉయ్యాల కొనుడు గూడ ఆపినం. సెప్టెంబర్ 19 శుక్రవారం నాడు హెచ్1కి లక్ష డాలర్ల ఫీజు అన్నరు. నా దోస్తు చెల్లె పెండ్లికి ఇండియా పోయిండు, లాయర్ ఫోన్ జేసి ఒక్క దినంల అమెరికాల ఉండాలె అన్నడు, పెండ్లి ఇంట్ల నుంచి బ్యాగు పట్టుకొని ఎయిర్‌పోర్టుకు ఉరికిండు. తెల్లారి ఏమో అది కొత్త అప్లికేషన్లకే అన్నరు. వాడు దుబాయ్‌ల ఆగి ఉన్నడు అప్పటికి. చెల్లె పెండ్లి మళ్ళ వస్తదా అన్నా?

మీకు ఆయన మంచు తీసిండు, దవఖానకు తోలుకపోయిండు, సరే. నేను ఆయన పక్కింట్ల లేను, నాకు ఆయన ఓటే తెలుసు. మీరు పోవద్దు అంటలేను. పొయ్యి మాట్లాడుండ్రి, కాని మొత్తం దేవుడు అన్నట్టు జెప్పకుండ్రి, గది మా అసొంటోళ్ళకు కష్టమైతది.


పల్నాడు_జార్జియా
నవంబర్ 18, 2025

నేను 2024లో ట్రంప్‌కే వేశాను, తెలిసే వేశాను. ఆల్ఫరెట్టాలో నాకు చిన్న వ్యాపారం ఉంది, పదిహేను మందికి జీతాలిస్తాను, ధరలు, టాక్సులు, బోర్డర్, నా లెక్కలు నాకున్నాయి, అవి ఇక్కడ వాదించను. చెప్పొచ్చేది ఏంటంటే నేను ఆ మాట బయటికి అన్నందుకు పన్నెండేళ్ళ నాటి ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. బతుకమ్మకీ సంక్రాంతికీ ఒకే ఇంట్లో వండుకు తిన్నవాళ్ళం. మా అబ్బాయి గ్రాడ్యుయేషన్‌కి ఒక్కళ్ళు రాలేదు. తెల్లవాళ్ళు కాదు, మనవాళ్ళే. కాబట్టి ఇది వాళ్ళకీ మనకీ మధ్య తగాదా అన్నట్టు రాయకండి, మన ఇళ్ళల్లోకే వచ్చి కూర్చుంది.

డల్లాస్ తమ్ముడూ, ఆ ఫీజు వచ్చిన తీరు నాకూ నచ్చలేదు, నీ బాధ నిజం.

ఇక ప్రశ్న అడిగిన సోదరా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఆయన గురించి మంచి చెప్పొచ్చా చెప్పకూడదా అని మీరు తూకం వేస్తున్నారు. కానీ ఆ రోజు మాట అన్నది మీరు, ఆ తర్వాత కూడా మంచు తీసింది ఆయన, మెయిల్‌బాక్స్ దగ్గర నోరు తెరిచింది ఆయన. రెండుసార్లూ వెనక్కి వెళ్ళింది మీరు. మీరు ఆయన్ని క్షమించాలా అని కాదు, ఆయన ఎప్పుడో క్షమించేశాడేమో అని ఆలోచించండి. కటువుగా ఉంటే మన్నించండి, నాకు ఈ విషయంలో గాయం ఉంది కాబట్టి మాట అలా వచ్చింది.


తెనాలి_టు_ఒహాయో
నవంబర్ 18, 2025

కటువు కాదండి. నిజమే రాశారు. పొద్దున్నుంచీ ఆఫీసు పని ముందు పెట్టుకుని ఆ రెండు లైన్లే చూస్తున్నాను.


కాన్సాస్_పాతకాపు
నవంబర్ 19, 2025

డల్లాస్ తమ్ముడు లక్ష డాలర్లు అనగానే నాకు ఇంకో లక్ష డాలర్లు గుర్తొచ్చాయి, అది చెప్పి ఊరుకుంటాను.

2017 ఫిబ్రవరి 22న ఓలేతేలో బార్‌లో శ్రీనివాస్ కూచిభొట్లని కాల్చి చంపిన రోజు నేను అక్కడికి పది నిమిషాల దూరంలో ఉండేవాణ్ణి. 32 ఏళ్ళు అతనికి, ఆఫీసు అయ్యాక అలోక్ మాడసానితో కలిసి కూర్చున్నాడు, మా దేశం వదిలి పొండి అని అరిచి ఒకడు కాల్చాడు. శ్రీనివాస్ పోయాడు, అలోక్ గాయంతో బయటపడ్డాడు. ఆ వారం మన ఇళ్ళల్లో ఎలా ఉందో ఇక్కడున్న కొందరికైనా గుర్తుండాలి, మా అమ్మ ఊర్నుంచి రోజూ ఫోన్, వచ్చెయ్యరా నాయనా, ఉన్నదేదో తిందాం అని. షాపుకి వెళ్తే ఫోన్‌లో తెలుగు మాట్లాడాలంటే భయం, మా ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడేది, అది నేను ఈ జన్మకి మర్చిపోలేను.

కానీ అదే బార్‌లో అదే నిమిషంలో ఇంకో మనిషి ఉన్నాడు. ఇయాన్ గ్రిల్లాట్, 24 ఏళ్ళ కుర్రాడు, బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూస్తున్నాడు. బల్ల కింద నక్కి తూటాలు లెక్కపెట్టాడు, అయిపోయాయనుకుని లేచి వాడి వెంటపడ్డాడు. ఇంకా ఉన్నాయి. తూటా చేతిలోంచి ఛాతీలోకి దిగింది, బతికాడు. శ్రీనివాస్ ఎవరో అతనికి తెలియదు, మనవాళ్ళెవరో తెలియదు. నెల రోజులకి హ్యూస్టన్‌లో మనవాళ్ళు సభ పెట్టి, ఇల్లు కొనుక్కోమని అతనికి లక్ష డాలర్లు ఇచ్చారు. అతను ఏ పార్టీ అని నేను ఇప్పటికీ ఆలోచించలేదు, ఇవాళ మీ పోస్టు చదువుతుంటే ఆ సంగతి తట్టింది.

ఈ ఏడాది ఇంకా భయంగా ఉంది. జూన్‌లో మిన్నెసోటాలో మెలిస్సా హార్ట్‌మన్‌ని, ఆవిడ భర్తని వాళ్ళింట్లోనే కాల్చేశారు, ఆవిడ డెమోక్రాట్. సెప్టెంబర్‌లో యూటాలో ట్రంప్ వైపు మాట్లాడే చార్లీ కిర్క్‌ని కాలేజీ సభలో కాల్చేశారు. రెండుసార్లూ ఫోన్ తెరిస్తే సంతోషపడేవాళ్ళు కనపడ్డారు, అందులో మన పేర్లు కూడా ఉన్నాయి. ఆ పోయినవాళ్ళ పిల్లల ముఖాలు గుర్తు రావా అసలు.

మీరు వెళ్ళండి. ఋణం ఉంది కాబట్టి వెళ్ళండి. గోరింట అక్క వద్దంది కానీ గొడవ సంగతి ఎత్తినా నాకు తప్పనిపించదు.


విశ్రాంత_మాస్టారు
నవంబర్ 20, 2025

బాబూ, నేను మా అమ్మాయి దగ్గరకి చికాగో వచ్చి నాలుగు నెలలైంది, అమ్మాయే ఇది చదివి వినిపించింది, జవాబు నేను చెప్తుంటే తను కొడుతోంది. హైస్కూల్లో సోషల్ చెప్పాను ముప్ఫై నాలుగేళ్ళు.

మీ దేశంలో రెండో ప్రెసిడెంట్ జాన్ ఆడమ్స్, మూడో ఆయన థామస్ జెఫర్సన్. స్వాతంత్ర్యం కోసం కలిసి పనిచేసినవాళ్ళు, 1800 ఎన్నికల్లో ఒకరిమీద ఒకరు నిలబడి బద్ధ శత్రువులయ్యారు. ఎంత కోపం అంటే జెఫర్సన్ ప్రమాణ స్వీకారం రోజు ఆడమ్స్ తెల్లవారకముందే ఊరు విడిచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మాటా మంతీ లేదు. ఇద్దరికీ స్నేహితుడైన బెంజమిన్ రష్ అనే డాక్టర్ ఇటూ అటూ ఉత్తరాలు రాసి విసిగించి విసిగించి, చివరికి 1812 జనవరి 1న ఆడమ్స్ చేత మొదటి ఉత్తరం రాయించాడు. అక్కణ్ణుంచి పద్నాలుగేళ్ళు రాసుకున్నారు, వాదించుకుంటూనే రాసుకున్నారు, అభిప్రాయాలు ఒక్కటేం కాలేదు. ఇద్దరూ ఒకే రోజు పోయారు, 1826 జులై 4న. మీ పెద్దాయన రాసిన మొదటి ఉత్తరం ఆ మెయిల్‌బాక్స్ దగ్గరి మాట. దానికి జవాబు బాకీ పడిపోయింది. నిన్ను బాధపెట్టాలని కాదు, ఆ బాకీ ఆవిడ దగ్గరే తీర్చుకోవచ్చని చెప్తున్నాను.

మీ థాంక్స్‌గివింగ్ కూడా అలాంటి రోజుల్లో పుట్టిందే. 1863 అక్టోబర్‌లో లింకన్ ప్రకటన ఇచ్చాడు, దేశం రెండుగా చీలి కొట్టుకుంటోంది, గెటిస్‌బర్గ్ యుద్ధం జరిగి మూడు నెలలు, ఆయన సొంత కొడుకు పదకొండేళ్ళ విల్లీ పోయి రెండేళ్ళు కూడా కాలేదు. అంతకుముందు థాంక్స్‌గివింగ్ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం జరుపుకునేదట, అందరికీ ఒకే రోజుగా చెయ్యమని సారా హేల్ అనే సంపాదకురాలు ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసింది. అంత చావుల మధ్య కృతజ్ఞత అనే మాట ఆయనకి ఎలా వచ్చిందా అని నేను పిల్లలకి పాఠం చెప్పేటప్పుడల్లా ఆగిపోయేవాణ్ణి.

నా సంగతి కూడా చెప్తాను. 1983లో రామారావు గారి ఎన్నికలప్పుడు నేను సైకిల్, మా అన్నయ్య హస్తం. అరుగు మీద మొదలైన మాట చేలో గట్టు దాకా పోయింది. ఎనిమిదేళ్ళు మాట్లాడుకోలేదు, ఒకే ప్రహరీలో ఉంటూ. మా అమ్మ పోయింది. మా వైపు తల్లికి తలకొరివి చిన్నకొడుకు పెడతాడు. కుండ పట్టుకున్నాను, కాళ్ళు తడబడుతున్నాయి, వెనక నుంచి ఒక చెయ్యి నా భుజం మీద పడింది, శ్మశానం దాకా ఆ చెయ్యి తియ్యలేదు. తిరిగి చూడకపోయినా ఎవరిదో తెలిసింది. అన్నయ్య పోయి ఇప్పటికి ఆరేళ్ళు. ఎన్నికల సంగతి మేం మళ్ళీ ఎత్తుకోనే లేదు, ఆయన చివరిదాకా హస్తమే.


తెనాలి_టు_ఒహాయో
నవంబర్ 28, 2025

అందరికీ చాలా చాలా థాంక్స్. మాస్టారూ, మీకు నమస్కారం. శనివారం వెళ్ళాను, మాట్లాడాను. ఏం జరిగిందో చెప్పకపోతే బాగోదు కదా, రాస్తున్నా.

ట్రక్కు రాత్రి చెప్పాను. లాబీలో కూర్చోవడం చెప్పాను, మా పాప తాతా అని పిలవడం చెప్పాను. అక్కడితో ఆపేద్దామనే అనుకున్నా, కాగితంలో అంతే రాసుకున్నా. కానీ ఆవిడ ముందు వరసలో కూర్చుని నన్నే చూస్తోంది, ఆపలేకపోయాను. చివరి ఐదేళ్ళు మేం మాట్లాడుకోలేదు, ఎలక్షన్ గురించి నేనొక మాట అన్నాను, అది అనకూడని మాట, పోయినేడు ఆయన నాతో మళ్ళీ మాట కలిపాడు, నేను లోపలికి వెళ్ళిపోయాను, ఇది ఆయనతో చెప్పుకునే వీలు లేదు కాబట్టి మీ ముందు చెప్తున్నాను అన్నాను. హాల్లో ఎవరూ కదల్లేదు. మా ఆవిడ ఏడుస్తోంది. నేను దిగి వచ్చి కూర్చున్నా, వెనకాయన ఎవరో నా వీపు మీద రెండుసార్లు తట్టాడు.

తర్వాత బయట ఆర్మీ వాళ్ళు ఇద్దరు వచ్చారు, ఒక కుర్రాడు ఒక అమ్మాయి, తెల్ల గ్లౌజులు, ఇద్దరికీ పాతికేళ్ళు ఉండవు. బ్యూగిల్ మోగింది. జెండాని ఇద్దరూ పొడుగ్గా పట్టుకుని, మడిచి, మళ్ళీ మడిచి, త్రికోణంగా మడుస్తూ వచ్చారు, ఎక్కడా తొందర లేదు, ప్రతి మడతకీ అంచు వేలితో సరిచేస్తున్నారు, చివరికి ఎరుపు చారలన్నీ లోపలికి పోయి నీలమూ చుక్కలూ మాత్రమే మిగిలాయి. ఆ అమ్మాయి మోకాలి మీద వంగి ఆవిడ చేతిలో పెట్టి, ప్రెసిడెంట్ తరఫున, ఆర్మీ తరఫున, కృతజ్ఞత గల ఈ దేశం తరఫున అని చెప్పింది. ఎవరు ప్రెసిడెంట్‌గా ఉన్నా అవే మాటలట. ఆ దేశం అన్న మాటలో నేను కూడా ఉన్నానని అప్పుడు తట్టింది, ఓత్ తీసుకున్న రోజు కూడా అలా అనిపించలేదు.

భోజనాల దగ్గర ఆయన వేట స్నేహితుడొకాయన, ఎర్ర టోపీ, పెద్ద మీసాలు, నా దగ్గరికొచ్చి, నువ్వేనా ఆ తెలుగు కుర్రాడివి అన్నాడు. నేను ఆశ్చర్యపోయాను. మేమెవరమైనా ఆ పక్కింటి హిందీ వాళ్ళు అంటే మీ ముసలాయన ఊరుకునేవాడు కాదు, హిందీ కాదు తెలుగు, అది వేరే భాష అని ప్రతిసారీ సరిచేసేవాడు అన్నాడు. ఎప్పుడు అని అడిగాను. ఎప్పుడేంటి, పోయిన నెల కూడా అన్నాడు.

డల్లాస్ తమ్ముడూ, నీకు నా దగ్గర సరైన సమాధానం లేదు. దేవుణ్ణి చెయ్యలేదు, మాట నిలబెట్టుకున్నాను. ఆ ఫీజు తప్పే, ఆ ఆర్డర్ తప్పే, నా ఓటు మారదు. ఆయన బతికుంటే ఆ మాట ఆయన మొహం మీదే చెప్తాను, చెప్పి లోపలికి వెళ్ళిపోకుండా ఆయన ఏమంటాడో వినడానికి అక్కడే నిలబడతాను. బాబో పాపో చెప్పలేదు నువ్వు, ఎలా ఉన్నారు తల్లీబిడ్డా? ఎప్పుడైనా ఇటు వస్తే మా ఇంట్లోనే దిగాలి.

పల్నాడు అన్నా, మీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరికి మీరే ముందు ఫోన్ చెయ్యండి. నేను చెప్పదగినవాణ్ణి కాదు, అయినా చెప్తున్నా.

నిన్న థాంక్స్‌గివింగ్‌కి ఆవిడా, కొలంబస్ నుంచి వచ్చిన వాళ్ళబ్బాయీ మా ఇంటికే వచ్చారు. మేం పులిహోర, గుత్తొంకాయ చేశాం, ఆవిడ గ్రీన్ బీన్ క్యాసరోల్ తెచ్చింది, గోంగూర పచ్చడి మాత్రం గిన్నె దగ్గరకి లాక్కుని తింది, ఆయనకి ఇదంటే ఇష్టం, సీసా అయిపోయాక మిమ్మల్ని అడగడానికి మొహమాటపడ్డాడు అంది. మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వెళ్ళేటప్పుడు ఆవిడ కోటు జేబులోంచి ఒక తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. మా ఇంటిదే. 2012లో ఇండియా వెళ్తూ మొక్కలకి నీళ్ళు పొయ్యమని ఇచ్చాం. దానికి ఒక అట్టముక్క కట్టి, దాని మీద మా పాప పేరు, ఆయన చేతిరాత. పాప పుట్టింది 2014లో, అంటే ఆ అట్టముక్క తర్వాత మార్చి కట్టాడన్నమాట. గ్యారేజీలో మేకుకి వేలాడుతోంది, మీకు ఇచ్చేద్దామని తెచ్చాను అంది. వాళ్ళ తాళంచెవి మా వంటింటి డ్రాయర్‌లో ఉంది, ఈ ఐదేళ్ళలో ఆయనా అడగలేదు, నేనూ ఇవ్వలేదు. తీసి చూపించాను. ఇద్దరం ఎవరి దగ్గరున్నది వాళ్ళం మళ్ళీ తీసుకెళ్ళి ఎక్కడివి అక్కడే పెట్టేశాం.

వాళ్ళబ్బాయి ఆదివారం వెళ్ళిపోతాడు. ఆ పాత స్నో బ్లోయర్‌లో ఆయిల్ మార్చి రెండేళ్ళయిందట, రేపు పొద్దున వెళ్ళి చూస్తానన్నాను. మంచు పడితే ముందు వాళ్ళది, తర్వాత మాది.